రాని జబ్బుకు ఫొటో ఉండదు

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. అప్పటి నుంచి తెలుగు నేల మీద ఏ ఎన్నికల ప్రచారం చూసినా ఒక బొమ్మ తప్పదు: గుండె ఆపరేషన్ అయిన చిన్నపిల్ల, పక్కన కళ్లు తుడుచుకుంటున్న తల్లి, చేతులు జోడించిన తండ్రి. అందులో అబద్ధమేమీ లేదు. ఆ పథకం వల్ల బతికి బట్టకట్టినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. నా గొడవ వేరే. చిన్నప్పుడు గొంతునొప్పికి సరైన వైద్యం అందక, రుమాటిక్ జ్వరం వచ్చి, గుండె కవాటాలు పాడైన పిల్లలు ఈ దేశంలో లెక్కలేనంత మంది. పది రూపాయల మందుతో ఎక్కడ ఆపగలిగేవాళ్లం, ఎందుకు ఆపలేకపోయాం అని కనుక్కోవడానికి డబ్బు ఎవరు పెడతారు?

మందుల కంపెనీ పెట్టదు. రాని జబ్బుకు బిల్లు వెయ్యలేరు కాబట్టి కార్పొరేట్ ఆస్పత్రీ పెట్టదు. ఓటరు కూడా అడగడు, ఎందుకంటే తనకు ఏ జబ్బు రాకుండా పోయిందో తనకే తెలియదు. రాని గుండెపోటుకు దండ వేసి ఫొటో దిగిన మంత్రి ఇంతవరకూ లేడు. ఇక మిగిలింది ప్రభుత్వ ఖజానా ఒక్కటే. శరీరం సంగతే ఇట్లా ఉంటే మనసు సంగతి చెప్పనక్కర్లేదు.

ఇది ఉత్త సిద్ధాంతం కాదు. మన హైదరాబాదులోనే దీనికి ఒక పాత రుజువు ఉంది. ఉస్మానియాలో చదివే రోజుల్లో జాతీయ పోషకాహార సంస్థ గేటు ముందు నుంచే మేం తార్నాక బస్టాపుకు నడిచేవాళ్లం. లోపల ఎలుకలకు కొలిచి అన్నం పెడతారని హాస్టల్లో జోకు. ఆ ఎలుకలకూ మన తాతముత్తాతల తిండికీ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు.

ఆ సంస్థ 1918లో తమిళనాడు కొండల్లోని కూనూరులో పుట్టింది. బెరిబెరి జబ్బు ఎందుకొస్తుందో చూడమని రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరుకు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో కాస్త చోటిచ్చారు. 1958లో అది హైదరాబాదుకు వచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఇక్కడికొచ్చాక వాళ్లకు ఎదురైన జబ్బుల్లో పెల్లగ్రా ఒకటి. దక్కను పీఠభూమిలో, జొన్న తప్ప మరొకటి దొరకని కూలి జనంలో కనిపించేది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి, మందంగా మారి పగులుతుంది. మెడ చుట్టూ పట్టీ కట్టినట్టు మచ్చ పడుతుంది. తర్వాత విరేచనాలు పట్టుకుంటాయి. ఆ తర్వాత మనసు. నిద్ర ఉండదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, ఊరికే చికాకు, దిగులు, తికమక. ముదిరితే మతి తప్పుతుంది. అట్లాంటివాళ్లు మానసిక వైద్యశాలకు కూడా చేరేవాళ్లు. అక్కడిదాకా రాక, దయ్యం పట్టిందనో చేతబడి జరిగిందనో ఇంటి దగ్గరే రాలిపోయినవాళ్లు ఎందరో.

ఈ జబ్బు అంటురోగం కాదు, తిండిలో లోపం అని ముందు తేల్చింది అమెరికాలో జోసెఫ్ గోల్డ్‌బెర్గర్. ఆయనా సర్కారు జీతగాడే, అక్కడి ఫెడరల్ ప్రజారోగ్య సేవలో డాక్టరు. 1914 నుంచి దక్షిణ రాష్ట్రాల అనాథాశ్రమాల్లో, పిచ్చాసుపత్రుల్లో, పత్తి మిల్లుల ఊళ్లలో తిరిగి, ఎవరి పళ్లెంలో ఏముందో చూసి చెప్పాడు. నియాసిన్ అనే విటమిన్ లేకపోవడమే కారణమని 1937లో తేలింది. అయితే అక్కడ జనం తిన్నది మొక్కజొన్న, మన దగ్గర జొన్న. జొన్నలో నియాసిన్ మరీ తక్కువేమీ కాదు. మరెందుకు వస్తోంది? మన హైదరాబాదు సంస్థలోని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక జవాబు ప్రతిపాదించారు: జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్‌లో ఒక భాగం) వాటా ఎక్కువ, అది నియాసిన్ వాడకాన్ని చెడగొడుతోంది అని. దాని మీద తర్వాత ఏళ్ల తరబడి వాదాలు నడిచాయి. నడవాలి కూడా. జొన్న ఒక్కటే కాకుండా పళ్లెంలోకి బియ్యం, పప్పు, పాలు వచ్చినకొద్దీ జబ్బు కనుమరుగైంది. ఇప్పుడు జొన్నరొట్టె స్టార్ హోటల్ మెనూలోకి ఎక్కింది. అదీ మంచిదే, జొన్న విషమేమీ కాదు, జొన్న తప్ప మరేదీ లేకపోవడమే అప్పటి విషం. కానీ చిరుధాన్యాలు తిన్న మన పూర్వీకులకు ఏ జబ్బూ లేదని యూట్యూబులో గొంతు చించుకునేవాళ్లను ఒకసారి ఆ సంస్థ పాత రికార్డుల ముందు కూర్చోబెట్టాలని ఉంటుంది.

నేను దీన్ని ఇంత సాగదీయడానికి కారణం ఉంది. మనోవ్యాధిగా కనిపించినదాన్ని ఒక పోషకాహార ప్రయోగశాల పట్టుకుంది. దాన్ని ఆపింది మందుల షాపు కాదు. అన్నం, కూలి రేటు, రేషను బియ్యం లాంటివి. ఈ గొలుసు కనిపెట్టడానికి ఏళ్లు పడుతుంది. లాభం చూసుకునేవాడికి అంత ఓపిక ఎందుకుంటుంది?

ఓపిక అంటే ఏమిటో ఇంకో ఉదాహరణ. 1987లో రంగారెడ్డి జిల్లాలో కొన్ని ఊళ్లకు ఐసీడీఎస్ అంగన్‌వాడీ పథకం వచ్చింది, పక్కన కొన్నిటికి ఇంకా రాలేదు. పోషకాహార సంస్థ వాళ్లు ఆ తేడాను వాడుకున్నారు. పదిహేను ఊళ్లలో గర్భిణులకు, పసిపిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా అందింది, పద్నాలుగు ఊళ్లలో లేదు. 1990దాకా నడిచింది. పుట్టిన పిల్లల బరువులు తూచారు, రాసుకున్నారు. మామూలుగా అయితే కథ అక్కడే ముగిసి, ఆ కాగితాలు చెదలకు పోయేవి. పోలేదు. పదిహేనేళ్ల తర్వాత మళ్లీ అవే ఊళ్లకు వెళ్లి, మీసాలు వస్తున్న ఆ పిల్లల్ని వెతికి పట్టుకున్నారు. వెయ్యికి పైగా దొరికారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. అది పెద్ద విశేషం కాదు. వాళ్లలో ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది, రక్తనాళాల బిరుసు తక్కువ. అంటే రేపటి షుగరు, గుండెజబ్బులకు సంబంధించిన లెక్క తల్లి కడుపులో ఉన్నప్పుడే, అంగన్‌వాడీ గిన్నెలో కొంత తేలిపోతోంది. 2008లో ఈ ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఆ పిల్లల్ని, వాళ్ల తల్లిదండ్రుల్ని ఆ తర్వాత కూడా పరీక్షిస్తూనే ఉన్నారు.

కానీ ఈ తర్వాతి దశలకు డబ్బిచ్చినవాళ్లలో ముఖ్యమైనది వైద్య పరిశోధనకు డబ్బిచ్చే లండన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు. ఊళ్లు మనవి, ఉప్మా మనది, పిల్లలు మనవాళ్లు, పాత లెక్క రాసినవాళ్లూ మనవాళ్లే. చివరి ప్రశ్న అడగడానికి మాత్రం లండన్ పైసలు కావాల్సి వచ్చాయి. నాకు విదేశీ డబ్బు మీద ద్వేషం లేదు. కానీ డబ్బు పెట్టేవాడే ఏ ప్రశ్న అడగాలో నిర్ణయిస్తాడు. వాళ్ల దేశంలో మరో విషయం మీద మోజు పుడితే మన ఊళ్లకు వచ్చే జీపు ఆగిపోతుంది.

మన జీపును మనమే ఆపుకున్న సందర్భం కూడా ఉంది. 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం రాష్ట్రాల్లో ఇంటింటికీ తిరిగి ఎవరు ఏం తింటున్నారో రాసేది. కొలత గిన్నెల సెట్టు ఒకటి పట్టుకొచ్చి, "నిన్న పొద్దున పప్పు ఏ గిన్నెడు వండినవమ్మా?" అని అడిగి, ఇంటి ఇల్లాలు చూపించిన గిన్నెను బట్టి లెక్క కట్టేవాళ్లు. అంత చాదస్తపు పని ఎవరూ గర్వంగా చెప్పుకోరు. నలభై ఏళ్లు దాటి నడిచిన ఆ విభాగాన్ని 2015లో మూసేశారు. ఏ చానల్లోనూ చర్చ జరగలేదు. ఆస్పత్రి మూస్తే ధర్నా జరుగుతుంది, లెక్క మూస్తే ఎవరికీ నొప్పి తెలియదు.

ఇక మనసు దగ్గరికి వస్తాను.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు కేంద్ర ఆరోగ్య శాఖ కోసం 2015–16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. పెద్దవాళ్లలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, వాళ్లలో అత్యధికులకు ఏ వైద్యమూ అందడం లేదని అందులోనే తేలింది. ఇంటర్ పిల్లల నుంచి మంత్రుల దాకా అందరూ ఉపన్యాసాల్లో వాడేది ఆ లెక్కే. అది పన్నెండు రాష్ట్రాల్లో జరిగింది. ఆ పన్నెండులో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన గురించి మనం చెప్పుకునేది పక్కింటివాళ్ల లెక్క.

మా వదిన మా ఊళ్లో ఆశా వర్కరు. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మనిషికీ ఒక ఫారం నింపాలి. వయసు, పొగాకు, నడుము చుట్టుకొలత, ఇంట్లో ఎవరికైనా షుగరు ఉందా, వంట దేని మీద, ఇట్లా. ఆ ఫారం చివర మనసు గురించి రెండే రెండు ప్రశ్నలు ఉంటాయి. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా, దిగులుగా ఉందా. జవాబులు నాలుగు గడులు: అసలు లేదు, కొన్ని రోజులు, సగం కంటే ఎక్కువ రోజులు, దాదాపు రోజూ. మా ఇంటి వెనక పెద్దమ్మను ఆమె అడుగుతుంటే నేను అరుగు మీద కూర్చుని విన్నాను.

"పెద్దమ్మా, ఈ పదిహేను దినాల్ల మనసుకు బాగలేనట్టు అనిపిచ్చిందా?"

"కొడుకు ఫోన్ జేసిన నాడు మంచిగనే ఉంటది బిడ్డా. చెయ్యని నాడు అన్నం సుత తినబుద్ధి కాదు."

"ఎన్ని దినాలు జెయ్యలే?"

"ఆడు దుబాయికి పోయినకాన్నుంచి ఎవలు లెక్కవెట్టిండ్రు?"

వదిన కాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించి, "కొన్ని రోజులు" గడిలో టిక్కు పెట్టింది. ఆ టిక్కు పోర్టల్లోకి ఎక్కుతుంది. మూడు మార్కులు దాటితే పై డాక్టరుకు పంపాలి, పెద్దమ్మకు ఒక్కటే వచ్చింది. వదిన తప్పేమీ లేదు. ఎక్కడో తయారైన ప్రశ్న మన పల్లెలో వలస కొడుకుల తల్లుల దగ్గర సరిగ్గా పనిచేస్తుందా, చెయ్యకపోతే ఏం అడగాలి, అడిగాక ఏం చేస్తే ఆమెకు అన్నం సయిస్తుంది? ఇవి నిజమైన పరిశోధన ప్రశ్నలు. వీటికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. మనుషులు, జీతాలు, పదేళ్ల సమయం కావాలి. ఆశా వర్కర్లతో ఇట్లాంటి పని చేయించవచ్చని పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్రాజెక్టు ఇప్పటికే చూపించింది. ట్యాబులో ప్రశ్నలు అడిగి, అవసరమైనవాళ్లను పీహెచ్‌సీ డాక్టరుకు పంపితే, వైద్యం దాకా వెళ్లినవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేని చోట పన్నెండు మంది దాకా అయ్యారు. దానికి పైసలు కొంత కెనడా నుంచి, కొంత మన బయోటెక్నాలజీ విభాగం, వెల్‌కమ్ ట్రస్టు కలిపి నడిపే నిధి నుంచి వచ్చాయి. మళ్లీ అదే కథ.

కొలవకుండా మంచి పని చేసేస్తున్నాం అనుకోవడంలో ఉన్న ప్రమాదం బీహారులో బయటపడింది. నలంద జిల్లా హైస్కూళ్లలో ఒక ప్రయోగం జరిగింది. పిల్లల మనసులు బాగుండాలని గోడపత్రికలు, చర్చలు, ఫిర్యాదుల పెట్టె, మాట్లాడుకునే వేళలు పెట్టారు. కొన్ని బడుల్లో ఈ పని టీచర్లకే ఇచ్చారు, కొన్నిట్లో బయటి నుంచి ఒక మామూలు కౌన్సెలర్ని, డిగ్రీల డాక్టరు కాదు, పెట్టారు. కౌన్సెలర్ ఉన్న బడుల్లో దిగులు తగ్గింది, ర్యాగింగు, కొట్లాటలు తగ్గాయి. టీచర్లకు అప్పజెప్పిన బడుల్లో పెద్ద తేడా ఏమీ లేదు. ఈ ఫలితం 2018లో లాన్సెట్‌లో వచ్చింది. మన దగ్గర ఏ దుర్ఘటన జరిగినా ప్రభుత్వం చేసే మొదటి ప్రకటన ఏమిటి? "ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తాం." 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లి, ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నప్పుడూ కౌన్సెలింగు అన్నారు, హెల్ప్‌లైన్ అన్నారు. మనసు బాగాలేనివాళ్లు ఫోన్ చేసే టెలీ మానస్ 14416 నంబరు 2022లో వచ్చింది, అది మంచి పని. తోచనప్పుడు ఎవరైనా చెయ్యవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. కానీ అది అప్పటికే ఇబ్బందిలో పడినవాళ్ల కోసం. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో పిల్లవాడు ఎన్ని గంటలు నిద్రపోతున్నాడు, వారం వారం ర్యాంకుల లిస్టు గోడకు అంటించడం ఆపితే ఏమవుతుంది, ఆదివారం ఇంటికి ఫోన్ చేసుకోనిస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు తన సొంత ఖర్చుతో ఏ కాలేజీ యాజమాన్యమైనా బయట పెడుతుందా? ఇది ప్రభుత్వమే చెయ్యాలి, చేసి ఫలితాలు బయట పెట్టాలి.

లెక్క ఉన్నా వినేవాడు లేకపోతే ఏమవుతుందో వరంగల్ చెబుతుంది. 1997 నుంచి 2002 దాకా పురుగుమందు తాగి అక్కడి ప్రభుత్వాసుపత్రికి వచ్చినవాళ్లు 8,040 మంది. 2000 సంవత్సరం లెక్క విడిగా చూస్తే మూడింట రెండొంతులు ముప్పై ఏళ్ల లోపువాళ్లు. మొత్తం మీద నూటికి ఇరవై ఇద్దరు దక్కలేదు. మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ అనే రెండు మందులే ఎక్కువ ప్రాణాలు తీస్తున్నాయని ఆ డాక్టర్లు 2005లోనే అచ్చులో పెట్టారు. అంటే ఈ రెండూ అంగట్లో లేకపోతే చాలామంది బతుకుతారు. చావాలన్న ఆ ఆవేశం చాలాసార్లు కొన్ని గంటల్లో, ఒక రాత్రిలో దాటిపోయేది. చేతికందిన డబ్బా అంత ప్రాణాంతకం కాకపోతే మనిషి మిగులుతాడు. శ్రీలంక ఇదే చేసింది. 1995లో లక్షకు నలభై ఏడు మంది ఆత్మహత్య చేసుకునే దేశం, అత్యంత విషపూరితమైన మందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ పోయి, ఇరవై ఏళ్లలో ఆ సంఖ్యను డెబ్బై శాతం తగ్గించింది. పంట దిగుబడులు పడిపోలేదు. మన దగ్గర ఎండోసల్ఫాన్ 2011లో ఆగింది, అదీ కేరళలోని కాసరగోడ్ బాధితుల పోరాటం, సుప్రీంకోర్టు చలవ. మోనోక్రోటోఫాస్‌ను 2005లో కూరగాయల మీద మాత్రం వద్దన్నారు, మిగతా పంటల మీద వాడుకోమన్నారు. 2013లో బీహారులో మధ్యాహ్న భోజనం తిని ఇరవై ముగ్గురు పిల్లలు చనిపోయింది ఆ మందు వల్లే. వరంగల్ వార్డులో డ్యూటీ డాక్టర్లు రాసిన రిజిస్టరు కంటే గొప్ప మానసిక ఆరోగ్య పరిశోధన ఈ రాష్ట్రంలో జరిగిందని నేను అనుకోను. దాని మీద చర్య తీసుకోవాల్సిన శాఖ వ్యవసాయ శాఖ కావడమే దాని దురదృష్టం.

ఇక్కడ నా మిత్రుడొకడు, రైతు సంఘంలో పనిచేసేవాడు, ఎప్పుడూ అడ్డం తగులుతాడు. "అప్పు తీరిస్తే రంది తీరుతది. దానికి పరిశోధన ఎందుకు, సర్వే ఎందుకు? మీరు మనసు మనసు అని ఆకలిని దాచిపెడుతున్నరు." వాడి మాటలో సగం కంటే ఎక్కువే నిజం. ఇండోనేషియాలో పేద ఇళ్లకు నగదు సాయం ఇచ్చిన చోట ఆత్మహత్యలు పద్దెనిమిది శాతం తగ్గాయని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. అంటే వాడు చెప్పిందాన్నే కొలిచి చూపించారు. నేనడిగేదీ అదే. 2018 మేలో తెలంగాణలో రైతుబంధు మొదలైంది, ఎకరాకు పంటకు నాలుగు వేలు, మొదటి ఏడాదికే బడ్జెట్లో పన్నెండు వేల కోట్లు. భూమి ఉన్నవాడికి వచ్చింది, కౌలు రైతుకు రాలేదు. ఒకే ఊళ్లో, ఒకే వానకు, ఒకే ధరకు పండించే ఇద్దరు, ఒకడికి సాయం, ఒకడికి లేదు. వాళ్ల నిద్ర, వాళ్ల తాగుడు, వాళ్ల భార్యల బెంగ, వాళ్ల పిల్లల చదువు, ఇవన్నీ కొలవడానికి అంతకంటే పెద్ద అవకాశం ఏ విశ్వవిద్యాలయమూ సృష్టించలేదు. పథకం ప్రకటించిన రోజే, ఆ పన్నెండు వేల కోట్లలో పదో పరకో పక్కన పెట్టి, ఆ పని కూడా మొదలుపెట్టి ఉండాల్సింది. కొలిచి ఉంటే కౌలు రైతు గురించి నా మిత్రుడు ధర్నా చౌక్‌లో చేసే వాదనకు ఈపాటికి ఒక లెక్క తోడుండేది.

పరిశోధన పేరుతో సెమినార్లు, శాలువాలు, ఎవరూ చదవని నివేదికలు తయారవుతాయన్నది ఇంకో అభ్యంతరం. అవుతాయి. ప్రభుత్వ డబ్బుతో నడిచే చాలా ప్రాజెక్టుల్లో జరిగేది అదే, దాన్ని వెనకేసుకు రాను. అందుకే డబ్బుతో పాటు షరతు ఉండాలి: పేర్లు తీసేసిన లెక్కలు అందరికీ అందుబాటులో పెట్టాలి, పనిచేయని పద్ధతి పనిచేయలేదని చెప్పే ధైర్యం ఉండాలి. దేశమంతా ఆరు నెలలకోసారి పిల్లలకు పోసే విటమిన్ ఏ మోతాదు గోపాలన్ సంస్థలోనే రూపుదిద్దుకుంది, 1970లో జాతీయ పథకమైంది. అదే గోపాలన్ తర్వాతి కాలంలో, ఇక మందు పోయడం కాదు, ఆకుకూరలు, పాలు అందేట్టు చూడండి అని గట్టిగా వాదించాడు. నూరేళ్లు బతికి 2019లో పోయాడు.

డబ్బు లేదనే మాట మాత్రం నేను ఒప్పుకోను. 2025–26 కేంద్ర బడ్జెట్లో ఆరోగ్య మంత్రిత్వ శాఖకు 99,858 కోట్లు ఇచ్చారు. అందులో ఆరోగ్య పరిశోధన విభాగం వాటా 3,900 కోట్లు, నూటికి నాలుగు రూపాయలు కూడా కాదు. ఆ నాలుగులో టీకాలు, క్యాన్సరు, క్షయ, వైరస్ ల్యాబులు అన్నీ పోను, జబ్బు రాకుండా చూసే పనికి మిగిలేది ఎంతో, అందులో మనసుకు దక్కేది ఎంతో మీరే ఊహించుకోండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు కోసం పలాసలో రెండు వందల పడకల ఆస్పత్రి 2023 డిసెంబరులో తెరిచారు, ఏడు వందల కోట్ల మంచినీటి పథకం తెచ్చారు. రెండూ కావాల్సినవే. కానీ కవిటి కొబ్బరి తోటల్లో పనిచేసే మనిషి కిడ్నీలు ఎందుకు చెడిపోతున్నాయో ఇప్పటికీ తేలలేదు. కారణం తేలేదాకా పడకలు పెంచుకుంటూ పోవాల్సిందే.

నేను కోరేది పెద్ద సంస్థ, కొత్త భవనం కాదు. 2015లో మూసేసిన ఆ పోషకాహార పర్యవేక్షణ విభాగాన్ని రెండు తెలుగు రాష్ట్రాల్లోనైనా మళ్లీ తెరవాలి, ఈసారి గిన్నెల సెట్టుతో పాటు నిద్ర, అప్పు, తాగుడు, దిగులు గురించి మన పల్లెల్లో పరీక్షించి తయారుచేసిన ప్రశ్నలు కూడా ఆ సంచీలో ఉండాలి. అవే ఇళ్లకు, పదిహేనేళ్లు, ఏ ప్రభుత్వం మారినా ఆగకుండా వెళ్లాలి. రాష్ట్రాలు కేంద్రం కోసం ఎదురుచూడనక్కర్లేదు, ఆరోగ్యశ్రీ కూడా ముందు ఒక రాష్ట్రంలోనే మొదలైంది. ఆ ప్రశ్నలు అడిగే ఆశా వర్కరుకు ఫారానికి ఇంత అని కాకుండా నెల జీతం ఇవ్వాలి. ఎమ్మెల్యే మా ఊరికి వచ్చినప్పుడు వదిన అడిగింది ఆ జీతం సంగతి ఒక్కటే, ఆయన డయాలసిస్ సెంటర్ గురించి చెప్పి వెళ్లాడు.